తెర మూలన నాన్న

జనవరి 14, మంగళవారం

చమురు రిగ్గు మీదికి వచ్చేశాను. సోలా విమానాశ్రయంలో గాలి ఎక్కువై హెలికాప్టర్ చాలాసేపు కదల్లేదు. ఇక రెండు వారాలు సముద్రం, క్రేన్, కాఫీ. ఆ తర్వాత నాలుగు వారాలు ఇల్లు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ యోరున్ కిందికి రాలేదు. వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుంది. మనిషి అలిసిపోయింది కాబట్టి రాలేదు. అంతే.

తీరిల్ మాత్రం నైటీ మీదే వానకోటు తగిలించుకుని కారు దాకా వచ్చింది.

"సాయంత్రం చదువుకుందామా నాన్నా?"

"చదువుకోకుండా ఎప్పుడైనా పడుకున్నామా?"

ఈ ఏర్పాటు నాది. గర్వంగానే రాసుకుంటున్నాను. నా ట్యాబ్‌లోనూ దాని ట్యాబ్‌లోనూ ఒకే పుస్తకం తెరుచుకుంటుంది. పేజీ మూలన చిన్న గడిలో దానికి నేను, నాకు అది. ముందు కథ, తర్వాత కబుర్లు. కథ పూర్తయితేనే కబుర్లు. ఈ నియమం లేకపోతే ఏడేళ్ళ పిల్ల పుస్తకం ముట్టుకుంటుందా? బడిలోనూ ఒకటో తరగతి నుంచీ ట్యాబే కాబట్టి దానికి చేయి తిరిగిపోయింది. సముద్రం మధ్యలో ఉండి కూడా రోజూ కూతుర్ని చదివించే తండ్రులు ఈ రిగ్గు మీద ఇంకెవరున్నారు?

జనవరి 16

ఈ రోజు కథంతా తీరిలే చదివింది. ఒక్క తప్పు లేదు. నోరు తిరగని మాటలు కూడా గడగడా చదివేసింది. నేను పేజీ తిప్పేలోపే అది తిప్పేస్తోంది.

అయిపోగానే పుస్తకం మూసేసి, "నాన్నా, గడ్డం దగ్గర కోసుకున్నావా?" అంది.

తడిమి చూసుకుంటే నిజమే, పొద్దున బ్లేడు గీసుకున్నట్టుంది. నాకే తెలీదు.

"నీ వెనకాల ఆ ఎర్రకోటెవరిది? నిన్న లేదుగా."

ఓద్వార్‌ది. వాళ్ళ గదిలో హీటరు పనిచేయడం లేదని నా గదిలో ఆరేసి పోయాడు. దీని కళ్ళనుంచి ఏదీ తప్పించుకోలేదు.

కథ ఎలా ఉందని అడిగితే "బాగుంది" అంది.

జనవరి 18, శనివారం

ఓద్వార్ తన కోటు కోసం వచ్చేసరికి మేం చదువుకుంటున్నాం. డెక్ మీద నా క్రేన్‌కి సైగలు చేసేది ఆయనే. పదవీ విరమణకి దగ్గరపడ్డాడు, ఏదో ఒకటి అనకుండా మాత్రం ఉండలేడు. తలుపు దగ్గర నిలబడి కాసేపు విన్నాడు. కాల్ అయ్యాక అన్నాడు:

"మీ అమ్మాయి కథ చదువుతోందా, దాని వెనకాల కుక్క తరుముతోందా?"

"ఒక్క తప్పు లేకుండా చదివింది. విన్నావుగా?"

"విన్నాను. ఊపిరి పీల్చుకోవడం మాత్రం వినపడలేదు."

పిల్లలు లేని మనిషి. ఆయనకేం తెలుస్తుంది!

పిల్లలకి మిఠాయిలు శనివారమే కాబట్టి తీరిల్ మిఠాయిల గిన్నె తెరకి అడ్డంగా పెట్టి, ఏవి తినేసిందో ఏవి దాచిందో చూపించింది. ఒకటి నాకోసం పక్కన పెట్టిందట. నేను వెళ్ళేసరికి ఉండదని ఇద్దరికీ తెలుసు.

జనవరి 21

యోరున్ ఫోన్ చేసింది. తీరిల్‌ని పిలవమంటే, "అది స్నానం చేస్తోంది, ముందు నీతో మాట్లాడాలి" అంది.

పోయిన వారం యూనివర్సిటీవాళ్ళు బడికి వచ్చారట. పిల్లలు కాగితం మీద ఎలా చదువుతున్నారు, ట్యాబ్‌లో ఎలా చదువుతున్నారు అని పరిశోధన. ఒక్కో పిల్లకి రెండు కథలు, ఒకటి పుస్తకంలో, ఒకటి ట్యాబ్‌లో. చదివాక ప్రశ్నలు. ఏ పిల్లకి ఎన్ని మార్కులో వాళ్ళు చెప్పరు. కానీ టీచరు మారిత్ పక్కనే కూర్చుంది. తీరిల్ జవాబులు విని ఇంటికి ఫోన్ చేసింది.

ట్యాబ్‌లో చదివింది ఒక ముసలావిడ కథ. ఆవిడ దీవి వదిలి వెళ్ళిపోతూ, ఖాళీ ఇంట్లో దీపం వెలిగించే ఉంచి వెళ్తుంది. ఎందుకలా చేసింది అని అడిగితే తీరిల్, "ఆర్పడం మర్చిపోయింది" అందట. ఆవిడ పేరేంటి? తెలీదు. కొడుకు దేని మీద వస్తాడు? "కొడుకున్నాడా?" అని ఎదురడిగిందట.

"కథంతా పడవలో వచ్చే ఆ కొడుకు గురించే" అంది యోరున్.

"చదవడంలో తప్పులు చేసిందా?"

"లేదు. ఒక్కటీ లేదు."

"మరి?"

"అదే హాల్వార్, ఒక్క తప్పు లేకుండా చదివింది. ఒక్క ముక్క ఎక్కలేదు."

కాగితం మీద చదివింది పడవెక్కనని మొండికేసిన లేగదూడ కథ. కథలోని అమ్మాయి తన టోపీ తీసి దూడ కళ్ళమీదికి ఎందుకు లాగింది అని అడిగితే, "నీళ్ళు కనపడకపోతే భయం వేయదుగా" అందట. అది ఆ కథలో ఎక్కడా రాసి లేదట. తీరిలే ఊహించి చెప్పింది.

"ఒక్క రోజు పరీక్షతో ఏం తేలుతుంది?" అన్నాను.

"మారిత్ కూడా అదే అంది. అందుకే కొన్నాళ్ళు ఇంట్లో కాగితం పుస్తకాలే చదివించి చూద్దామంది. ట్యాబ్ వద్దంది."

"కొన్నాళ్ళంటే?"

బాత్‌రూమ్‌లో తీరిల్ పాడుతున్నది వినపడుతూనే ఉంది.

"సాయంత్రం చదువు కూడా వద్దంటున్నావా?"

"నేననడం లేదు. మాట్లాడుకోండి. వీడియోలో ఎంతసేపైనా మాట్లాడుకోండి. కథ మాత్రం నేను పుస్తకంలో చదివిస్తాను."

మంచిదే. పిల్లకి ఏది మంచిదైతే అదే. నాకేం అభ్యంతరం లేదు.

జనవరి 22

కబుర్లు మాత్రమే. అయిదు నిమిషాల్లో అయిపోయాయి. చదువు లేకపోతే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. ఏం తిన్నావంటే చేప ముక్కలంది. నువ్వేం తిన్నావంటే నేనూ చేప ముక్కలే అన్నాను.

జనవరి 23

గాలి. క్రేన్ ఆపేశారు.

జనవరి 25

కాఫీ దగ్గర ఓద్వార్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నేనూ అంతే" అన్నాడు. "ఈ ఏడాది నుంచి డెక్ పని కాగితాలన్నీ తెరమీదే కదా. తెరమీద చదివితే నా వేలు చదువుతుంది, నేను చదవను. పైకి తోసేస్తూ పోతుంది, కింద సంతకం పెట్టేస్తుంది. అందుకే రేడియో గదిలో అమ్మాయిని బతిమాలి కాగితం మీద అచ్చు వేయించుకుంటాను."

"నీది వయసు ఓద్వార్. అది ట్యాబ్‌తో పుట్టిన పిల్ల."

"పుడితే? నేను పడవలో పుట్టాను. ఈత రాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకైతే తెరమీద చదవడంలో ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు.

నిజానికి మారిత్ మంచి టీచరే. పిల్లలు ఆవిడకి అతుక్కుపోతారు. కానీ పోయినేడాది వరకు ట్యాబులే మంచివని చెప్పింది కూడా ఈ బడే. ఇప్పుడు కాగితం అంటున్నారు. వచ్చే ఏడాది పలక తెమ్మంటారు. మధ్యలో నా సాయంత్రం పోయింది.

పిల్ల సాయంత్రం అని రాయబోయాను.

జనవరి 28

పొగమంచు. హెలికాప్టర్ రాలేదు. బ్యాగు సర్దుకుని మంచం మీద కూర్చున్నాను, ఎవరో వచ్చి తీసుకుపోయే సామానులాగా.

జనవరి 29

ఇల్లు. తీరిల్ పైనుంచి మెట్లన్నీ ఒక్క దూకులో దూకినట్టు వచ్చి మీద పడింది. ముందుపన్ను ఊడింది. ఇన్నాళ్ళూ తెరమీద ఆ ఖాళీ కనపడకుండా పెదాలు మూసుకుని మాట్లాడిందట, నన్ను ఆశ్చర్యపరచడానికి.

నేను గమనించనే లేదు.

జనవరి 30

లైబ్రరీ నుంచి యోరున్ తెచ్చిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. కాగితం పుస్తకం, పక్కన తండ్రి, దుప్పటి, వేడి కోకో. ఇంతకంటే ఏం కావాలి!

తీరిల్ గడగడా చదివేసింది. నేను బొమ్మ చూసేలోపు పేజీ తిప్పేసింది. ఒకసారి రెండు పేజీలు కలిసి తిరిగితే, ఆగకుండా అక్కణ్ణుంచే చదువుకుంటూ పోయింది. కథలో నక్క అప్పటికి గుంటలో ఉండాల్సింది, ఇళ్ళ కప్పు మీద ఉంది. దానికేం పట్టలేదు. చివరి పేజీ కాగానే పుస్తకం ఠపీమని మూసి నా వైపు తిరిగింది.

"అయిపోయింది! ఇప్పుడు మాట్లాడు!"

అంటే కాగితమైనా ఒకటే, ట్యాబ్ అయినా ఒకటే. వంటింట్లో యోరున్‌తో ఆ మాటే అన్నాను. నా గొంతులో సంతోషం ధ్వనించినట్టుంది. ఆమె నన్ను ఒక రకంగా చూసింది.

"నా దగ్గర ఇలా చదవడం లేదే" అంది.

ఫిబ్రవరి 3

ఈ రోజు జరిగింది రాసుకోవాలని లేదు.

ప్రతి పేజీ దగ్గరా ఆపి అడిగాను. నక్క ఎందుకు వెళ్ళింది? గుంట ఎవరు తవ్వారు? ఇప్పుడు ఏమనుకుంటోంది? మొదట్లో చెప్పింది. తర్వాత నా మొహం చూసి చెప్పసాగింది. నా కనుబొమ్మలు పైకి లేస్తే మాట మార్చేసేది. జవాబు పుస్తకంలో కాకుండా నా మొహంలో వెతుకుతోంది. నాకు కోపం వచ్చింది. "నన్ను కాదు, పుస్తకం చూడు!" అని అరిచాను.

ఏడ్చింది. ఊడిన పన్ను ఖాళీలోంచి గాలి పోతూ, "నేను బాగా చదివానుగా, ఒక్క తప్పు లేదుగా" అంటూ ఏడ్చింది.

నా మాటే అది.

యోరున్ పిల్లని పడుకోబెట్టి వచ్చింది. గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నువ్వు దాని చదువు గురించి బాధపడటం లేదు హాల్వార్. నీ సాయంత్రం పోయిందని బాధపడుతున్నావు."

"అక్కడుండి చూడు నీకు తెలుస్తుంది. నాకున్నది ఆ అరగంటే."

"అవును, నీకు రోజుకి అరగంట. అది నీకూ పండగే, దానికీ పండగే. మిగతా రోజంతా నాది. పళ్ళు తోమించేది నేను. చెవి నొప్పి నాది. తడిసిన గ్లవ్స్ నావి. పండగ చేసుకునేవాళ్ళ మధ్యకి వచ్చి 'ఇక ఆపండి' అనాల్సి వచ్చింది కూడా నాకే. నాకు సరదానా?"

ఇది అన్యాయం.

అన్యాయమే. నేనెప్పుడూ ఆమె పని తక్కువని అనలేదు. ఎక్కువని కూడా అనలేదేమో.

ఫిబ్రవరి 6

బడికి ఇద్దరం వెళ్ళాం. పిల్లలు వెళ్ళిపోయిన తరగతి గది. కిటికీ దగ్గర తడి సాక్సులు ఆరేసి ఉన్నాయి. మా మోకాళ్ళు చిన్న కుర్చీల్లోంచి పైకి లేచి ఉన్నాయి. నేను మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. కాగితం మీద కూడా అలాగే పరిగెడుతోందని, పరీక్ష తప్పని, ఇంకా చాలా.

మారిత్ అంతా విన్నది. "మీరు చెప్పింది నిజమే కావచ్చు" అంది. "ట్యాబ్ విషం కాదు. మా తరగతిలో ట్యాబ్‌లోనే కుదురుగా చదివే పిల్లలున్నారు. చాలామంది మాత్రం తెరమీద తొందరపడతారు, నేను చూస్తున్నాను. కానీ తీరిల్ తొందర వేరు. అందుకే మొన్న దాన్నే అడిగాను."

"ఏమని?"

"ఎందుకమ్మా అంత గబగబా చదువుతావు అని. అది చెప్పింది మీకు చెప్పవచ్చో లేదో తెలీలేదు. అడిగితే, చెప్పండి పరవాలేదంది."

మారిత్ చేయి ఎత్తింది.

"చదివేటప్పుడు నాన్న మూలన ఇంతే ఉంటాడట." బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న గడి చూపించింది. "పుస్తకం మూసేస్తే నాన్న పెద్దగా అవుతాడట. అందుకని త్వరగా మూసేస్తుందట."

"చదివేటప్పుడు కథకేసి చూస్తావా అని అడిగాను. 'నాన్న వైపు చూస్తాను, నోరు చదువుతుంది' అంది. ఇక్కడ బడి ట్యాబ్‌లో చదివేటప్పుడు కూడా దాని చూపు అదే మూలకి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. అయినా పోతుంది. కాగితం ఇస్తే, ఆ మూలన పేజీ నంబరు ఉంటుంది కాబట్టి మళ్ళీ కథలోకి వస్తుంది."

"నా దగ్గర కాగితం మీద కూడా అలాగే చేసింది" అన్నాను.

"మీ దగ్గర చేస్తుంది. కథ పూర్తయితేనే మీరు మాట్లాడతారని దానికి తెలుసు."

పార్కింగ్‌లో కారు తాళాలు యోరున్‌కి ఇచ్చాను. వంతెన దాటాక ఆమె చేయి గేరు మీద నుంచి తీసి నా మోకాలి మీద పెట్టింది. ఇంటిదాకా అక్కడే ఉంచింది.

ఫిబ్రవరి 7

నియమం పెట్టింది నేను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వరస మార్చాం. ముందు కబుర్లు. తీరిల్‌కి అలుపు వచ్చేదాకా కబుర్లు, ఆ తర్వాతే పుస్తకం. ప్రశ్నలు నేను అడగను. అడగనని దానికి మాటిచ్చాను.

మొదట నమ్మలేదు. "కథ చదవకుండానే మాట్లాడతావా?"

"మాట్లాడతాను."

"ఎంతసేపు?"

"నువ్వు చాలు అనేదాకా."

పరీక్ష చేయడానికన్నట్టు ఏవేవో చెప్పింది. తరగతిలో ఎవరి ముక్కులోంచి పాలు వచ్చాయో, మంచు మీద మూత్రం పోస్తే ఏ రంగు వస్తుందో, అమ్మ ఫోన్‌లో ఎవరిని గాడిద అని తిట్టిందో (నన్ను కాదని యోరున్ వంటింట్లోంచి అరిచింది). బ్రౌన్ చీజ్ వేసిన రొట్టె తిని, ఇంకొకటి తిని, చివరికి మాటలు అయిపోయి, తనే వెళ్ళి పుస్తకం తెచ్చుకుంది.

ఫిబ్రవరి 13

నెమ్మదించింది. కొద్దిగా. ఇంకా అప్పుడప్పుడు నా మొహం చూస్తుంది. అప్పుడు నేను బొమ్మ చూస్తాను. నేనెక్కడ చూస్తున్నానా అని తనూ అక్కడే చూస్తుంది. మాట్లాడుకోకుండానే ఇద్దరం బొమ్మలో తిరుగుతాం.

మొదట్లో నాకు విసుగ్గా ఉండేది, అది కూడా రాసుకోవాలి. ఒక్క పేజీ మీద అంతసేపు కూర్చోవడం నాకు చేతకాదు. క్రేన్ మీద గంటలకొద్దీ ఒక్క కొక్కేన్ని చూస్తూ కూర్చోగలను, పేజీ దగ్గర మాత్రం చేయి తిప్పేయమంటుంది. దానికి తొందర నేర్పింది ట్యాబ్ ఒక్కటే కాదనిపించింది.

ఫిబ్రవరి 19

చదువుతూ చదువుతూ మధ్యలో ఆగి, "నాన్నా, వీడు మంచివాడు కాదనుకుంటా" అంది. ఎందుకని అడగబోయి నోరు మూసుకున్నాను. కాసేపటికి తనే, "ఎందుకంటే అందరికీ ఒకే అబద్ధం రెండు రకాలుగా చెప్పాడు" అంది.

యోరున్ తలుపు దగ్గర బట్టల బుట్ట పట్టుకుని నిలబడి ఉంది.

ఫిబ్రవరి 24

రేపు బయల్దేరాలి. రెండు వారాలు ఏం చేయాలన్నది వారం నుంచీ నలుగుతోంది. వీడియో పెడితే మళ్ళీ మూల గడి. పెట్టకపోతే నేను లేనట్టే.

దానికి దారి నేనే కనిపెట్టానని రాయబోయాను. కాదు, యోరున్ కనిపెట్టింది. ఊళ్ళో పుస్తకాల షాపుకి వెళ్ళి, మేం చదువుతున్న లైబ్రరీ పుస్తకమే ఇంకో ప్రతి కొని నా బ్యాగులో సాక్సుల మధ్య పెట్టింది.

"మీ రిగ్గు మీద పాత ఫోన్ గది ఉందన్నావు కదా. తీగ ఫోన్. కెమెరా లేనిది."

"అందులో ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. చీపుర్లు పెడుతున్నారు."

"చీపుర్లు బయటపెట్టుకో."

ఫిబ్రవరి 25

వచ్చాను. చీపుర్లు బయటపెట్టాను. ఫోన్ పనిచేస్తోంది.

ఫిబ్రవరి 26

ఘోరంగా ఉంది.

"నాన్నా నువ్వు కనపడట్లేదు."

"వినపడుతున్నానుగా."

"కనపడట్లేదు."

కబుర్లు సాగలేదు. పుస్తకం తెరిచాం. అది ముసలి రైతూ అతని గుర్రం కథ. నేను మొదటి పేజీ చదివాను. అవతల నిశ్శబ్దం. రెండో పేజీ చదవమన్నాను. ఒక వాక్యం చదివి, "నువ్వు అక్కడే ఉన్నావా?" అంది. ఉన్నానన్నాను. ఇంకో వాక్యం. "ఉన్నావా?" ఉన్నాను. మూడోసారి ఏడుపు మొదలైంది. యోరున్ ఫోన్ తీసుకుంది.

"వీడియో పెట్టనా?" అన్నాను.

"రేపు ఇంకోసారి ప్రయత్నించు. రేపు కూడా ఇలాగే అయితే పెట్టు. ఒక సాయంత్రం చదవకపోతే పిల్లకేం కాదు. ఏడిస్తే మాత్రం నేను చూడలేను."

ఆమె అలా అనగానే నాకు ధైర్యం వచ్చింది. ఎందుకో తెలీదు.

ఫిబ్రవరి 27

"ఉన్నావా?" అని అడిగినప్పుడల్లా రిసీవరు మీద గోటితో టకటక కొడతానని చెప్పాను. మాట అక్కర్లేదు, కథ ఆగక్కర్లేదు. దానికి అది నచ్చింది. కథలో గుర్రం పేరు వచ్చినప్పుడల్లా కూడా కొట్టమంది. ఏడవలేదు.

మార్చి 1, శనివారం

ఈ రోజుది పూర్తిగా రాసుకోవాలి.

కథలో ముసలాయన పొరుగువాళ్ళతో అంటాడు: "ఈ గుర్రం ముసలిదైపోయింది, నాకెందుకూ పనికిరాదు. వసంతంలో అమ్మేస్తాను." ఆ పేజీ నా వంతు. చదివేసి, తిప్పబోతున్నాను.

"నాన్నా, ఆగు."

"ఏం?"

"అబద్ధం చెబుతున్నాడు."

"ఎవరు?"

"ముసలాయన. అమ్మడు."

"అమ్మేస్తానని రాసి ఉందిగా?"

"రాసి ఉంది. బొమ్మ చూడు."

చూశాను. ముసలాయన పొరుగువాళ్ళతో మాట్లాడుతున్నాడు. కొట్టం, మంచు, పొగ. ఏం లేదు.

"ఏముంది బొమ్మలో?"

"గుర్రం మీద దుప్పటి చూడు. ముందు పేజీలో ముసలాయన మంచం మీద ఉంది అది. నీలం గళ్ళది. తన దుప్పటి తీసుకెళ్ళి దానికి కప్పాడు. ఇప్పుడు ఆయన ఏం కప్పుకుంటాడు?"

వెనక్కి తిప్పాను. మంచం మీద నీలం గళ్ళ దుప్పటి. ముందుకి తిప్పాను. గుర్రం వీపు మీద అదే. ఇంటి దగ్గర తీరిల్‌తో కూర్చుని, ఇక్కడికొచ్చాక నా గదిలో ఒక్కణ్ణే, ఎన్నిసార్లు చదివానో ఈ పుస్తకం. ఒక్క తప్పు లేకుండా చదివాను. దుప్పటి చూడలేదు.

"నువ్వు చూశావా నాన్నా?"

"లేదు. నాకు కనపడలేదు."

"పరవాలేదు" అంది, చాలా పెద్దరికంగా. "కొంచెం మెల్లగా తిప్పు."

మార్చి 2

భోజనాల దగ్గర ఓద్వార్‌కి ఆ పేజీ చూపించాను. ఏమీ చెప్పకుండా చూడమన్నాను. కళ్ళజోడు పైకి కిందికి జరిపి చాలాసేపు చూశాడు.

"ముసలాడు గుర్రాన్ని అమ్మడు" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"అమ్మేవాడు అంత గట్టిగా చెప్పడు."

ఆయనకి కూడా దుప్పటి కనపడలేదు. చూపిస్తే బల్ల మీద కొట్టి నవ్వాడు. పుస్తకం పక్క బల్లకి, అక్కణ్ణుంచి వంటవాడి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి మూల మీద చేప నూనె మరక.

మార్చి 4

ఇప్పుడు కబుర్లు తగ్గుతున్నాయి. ఈ రోజు ఫోన్ ఎత్తగానే రెండు ముక్కలు చెప్పి, "ఇక చాలు నాన్నా, పుస్తకం" అంది.

నేను ఇంకా చెప్పాల్సినవి దాచుకుని వచ్చాను. డెక్ మీద ఒక పిట్ట దిగింది, అలిసిపోయి, కదల్లేక. ఓద్వార్ దానికి డబ్బాలో చోటిచ్చాడు. అది చెప్పనే లేదు.

నొప్పిగా ఉందా అంటే, ఉంది. ఇక్కడ రాసుకోవడం తప్ప ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఆ తర్వాత యోరున్‌కి చెప్పాను. నవ్వింది. "స్వాగతం" అంది. "నాతో రెండో ఏట నుంచే అంటోంది, ఇక చాలమ్మా అని."

ఆ పిట్ట సంగతి యోరున్‌కి చెప్పాను. పిట్ట రంగేంటి, ఏం పెట్టారు, ఎగిరిందా అని అన్నీ అడిగింది. మేమిద్దరం అంతసేపు మాట్లాడుకుని చాలా రోజులైంది.

మార్చి 7

మారిత్ యోరున్‌తో అన్నదట: కాగితం మీద బాగా కుదురుకుంటోంది, ట్యాబ్‌లో ఇంకా పరిగెడుతోంది, తొందరేం లేదు, బడిలో ట్యాబ్ ఉండనే ఉంటుంది కదా, అదీ నెమ్మదిగా నేర్చుకుంటుంది అని. పాత నేనైతే ఎన్నాళ్ళు, ఎంత శాతం అని అడిగేవాణ్ణి.

మార్చి 10

రేపు హెలికాప్టర్. ఈ విడతకి ఆఖరి సాయంత్రం.

కొత్త పుస్తకం మొదలుపెట్టింది తీరిల్, లైబ్రరీలో తనే ఎంచుకున్నది. దాని రెండో ప్రతి నా దగ్గర లేదు. అందుకని అది చదవాలి, నేను వినాలి. రెండు పేజీలు చదివింది. మెల్లగా, అక్కడక్కడా తప్పులతో. ఒక పెద్ద మాట దగ్గర తడబడి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. మూడో పేజీలో గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

"తీరిల్?"

"ష్. నాన్నా, ఒక్క నిమిషం మాట్లాడకు."

"ఏమైంది?"

"ఇక్కడ ఏదో అవుతోంది. పైకి చదివితే ఆలస్యమవుతుంది. ఫోన్ పెట్టేయకు."

పెట్టేయలేదు. రిసీవరు చెవికి ఆనించి గోడకి జారగిలబడి కూర్చున్నాను. అవతల ఊపిరి. ఊడిన పంటి ఖాళీలోంచి సన్నగా గాలి. చాలాసేపటికి కాగితం తిరిగిన చప్పుడు. మళ్ళీ ఊపిరి.

తలుపు తెరుచుకుంది. ఓద్వార్, చేతిలో రెండు కాఫీలు. నన్నూ ఫోన్‌నీ చూశాడు.

"లైన్ పోయిందా?"

లేదని తలూపాను.

"మరి ఎవరూ మాట్లాడటం లేదేం? ఏం వింటున్నావు?"

రిసీవరు మీద చేయి మూసి చెప్పాను. "తీరిల్ చదువుతోంది."

ఆయన వంగి చెవి దగ్గరగా పెట్టాడు.

"నాకేం వినపడటం లేదే."

"మనసులో చదువుకుంటోంది."

ఓద్వార్ ఒక కాఫీ నా పక్కన నేలమీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.